బర్మన్న సిపాయి కాడట!

పాత యుద్ధాల్లో పోరాడిన మా ఊరి సిపాయిల పేర్లు చెక్కి పంచాయతీ ముందు రాయి నిలబెడతామన్నారు. బడిలో నాతోపాటు వంట చేసే సువార్తక్క వాళ్ల తాత బర్మన్న పేరు ఇచ్చింది. సర్పంచు జయరాం తల కూడా ఎత్తలేదు.

"బర్మన్న అనే సిపాయి యాడా లేడు పో. మిలిటరీ లిస్టులో ఆ పేరే లేదు."

ఎట్లా ఉంటుంది? ఆయన అసలు పేరు ఈరప్ప. బర్మా యుద్ధానికి పోయి వచ్చాడని ఊరంతా బర్మన్న అంటే, కరణం పట్టాలోనూ అదే రాసి పారేశాడు. యుద్ధానికి పోయినందుకు వచ్చిన పేరే ఇప్పుడు పోలేదనడానికి సాక్ష్యమైంది! ఒళ్లు మండదా మరి?

సువార్తక్క ఊరుకునే రకం కాదు. సెలవు పెట్టి అనంతపురం పోయి, మాజీ సైనికుల ఆఫీసులో పాత పింఛను రిజిస్టర్లు తీయించింది. ఈరప్ప దొరికాడు. ఊరు మాదే. కుడికాలికి గుండు తగిలిందని రాసి ఉంది.

"ఈ ఈరప్పే మీ బర్మన్న అని ఎవురు చెప్పాల?" అన్నాడు జయరాం.

చెప్పాల్సినవాళ్లు ఏనాడో మట్టిలో కలిశారు. తాత ఒకసారి కోర్టుకెక్కాడని వాళ్ల నాయన అన్న మాట అక్కకు గుర్తుంది. నన్ను వెంటబెట్టుకుని కోర్టు రికార్డు గది చుట్టూ తిరిగింది. "ఎలుకలు తినింటాయి పోండమ్మా" అన్న గుమాస్తాయే ఐదోసారికి నకలు ఇచ్చాడు. బస్టాండులో ఇద్దరం చదివాం.

"నా పేరు ఈరప్ప. ఊళ్లో బర్మన్న అంటారు. సిపాయిగా చేసినాను. గుండు తగిలిన కాలు, బూటు లేనిదే నడవలేను. బూట్లతో పెద్దోళ్ల వీధిలో పోయినానని, విప్పించి కొట్టినారు."

ముద్దాయిల్లో మొదటి పేరు జయరాం తాతది. గోరుచుట్టుపై రోకటిపోటు, సాక్షులు లేరని కేసు కొట్టేశారు. థూ, ఏం న్యాయమిది! అక్క ఏడవలేదు, పళ్లు కొరికింది.

నకలు చదివిన జయరాం మొహంలో నెత్తురుచుక్క లేదు. "పేరు రాయిస్తా సువార్తక్కా. ఈ కాగితం మాత్రం ఎవురికీ చూపొద్దు." అప్పుడు గుర్తొచ్చింది వాడికి, ఆమె అక్కని!

రాయి నిలబెట్టిన రోజు ఊరంతా వచ్చింది. జయరాం ఉపన్యాసం ముగియగానే అక్క మైకు అందుకుంది.

"రాయి మీద పేరు మీరు రాసినారు. మా తాత సొంతంగా చెప్పిన మాట ఈడుండాది. సదువుతా, ఇనండి."

మొదటి అక్షరం నుంచి చదివింది. ముద్దాయిల పేర్ల దగ్గర గొంతు పెంచింది.