పది లక్షల ఇరవై ఏడు

2015 నవంబరులో జిల్లా గణిత ప్రతిభా పరీక్ష పేపర్లు దిద్దడానికి నన్ను నల్లగొండ క్యాంపుకు చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు. అప్పుడు నేను కేతేపల్లిలో లెక్కల టీచర్ని. నా భార్య పోయాక నార్కట్‌పల్లిలో ఒక్కణ్నే కిరాయికి ఉండేవాణ్ని. స్టాఫ్ రూములో పీఆర్సీ మీద, ప్లాట్ల మీద ఎంతసేపైనా మాట్లాడేవాళ్లు. నేను ఒక సంఖ్య మాట ఎత్తితే మాత్రం అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చేది.

క్యాంపులో పద్ధతి ఇది. పేపర్ మీద పేరు, హాల్‌టికెట్ నంబరు ఉన్న ముక్కను ముందే చింపి కవర్లో సీల్ చేస్తారు. మాకు కోడ్ నంబరు మాత్రమే కనిపిస్తుంది. టీచర్లు ముందే ఇచ్చిన జవాబుల 'కీ' చూసి దిద్దుతారు. వాటిలో కొన్నింటిని చీఫ్ మళ్లీ చూడాలి.

ఆ సంవత్సరం ఒక ప్రశ్న: 1000027 ప్రధాన సంఖ్యా, కాదా? ప్రధాన సంఖ్య అయితే ఒకటీ, తానూ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించకూడదు. కీలో ఏడుతో భాగించి, కాదని చూపారు. ఆలేరు నుంచి వచ్చిన కొత్త టీచరమ్మ ఒక పేపర్ పట్టుకొచ్చింది.

"సార్, కీల ఏడు ఉన్నది. గీ పేపర్ల ఏడు ముచ్చటే లేదు. సున్నా పెట్టిన, జర చూడుండ్రి."

ఆ విద్యార్థి భాగహారం జోలికే పోలేదు. పది లక్షలంటే నూరు ఘనం, ఇరవై ఏడంటే మూడు ఘనం. రెండు ఘనాలను కూడితే వచ్చేదాన్ని ఆ రెండు సంఖ్యల మొత్తం తప్పక భాగిస్తుంది. అంటే నూరూ మూడూ కలిపిన 103 భాగిస్తుంది, కనుక ప్రధాన సంఖ్య కాదు. మూడే వరుసలు. చదివి చాలాసేపు పేపర్ కింద పెట్టలేకపోయాను.

"ఒక్కటి దొరికినంక ఏడైతేంది, నూట మూడైతేంది అమ్మా," అని పూర్తి మార్కులు వేశాను. క్యాంప్ ఆఫీసర్ ఒప్పుకోలేదు. కీ దాటితే అభ్యంతరాలొస్తాయన్నాడు. ఆ మార్కులు లేకుంటే ఆ పేపర్ రాష్ట్ర స్థాయికి పోదు. 103ను 9709తో గుణించి చూపించాను.

"మీరే రాసి సంతకం పెట్టుండ్రి సార్. రేపు ఎవలన్న అడిగితె జవాబు మీదే," అన్నాడు. పెట్టాను.

అప్పుడు సర్వీసులో మొదటిసారి అడగకూడనిది అడిగాను, ఇది ఎవరి పేపరని.

"సీల్ కవర్ల ఉంటది గద సార్, మీకు తెల్వదా?" అన్నాడు. తెలుసు. కొత్తవాళ్లకు ఆ నియమం చెప్పేది నేనే.

తిరుగు బస్సులో 9709ని కూడా విడగొట్టాను: 7, 19, 73. కీలో చూపిన ఏడు అందులోనే ఉంది. ఆ సంగతి వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది. చెబితే సంతోషించే మనిషి ఒక్కరే తోచారు. ఆడపిల్లో, మగపిల్లవాడో కూడా నాకు తెలియదు. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే ఏడుపొచ్చింది.

ఫలితాలొచ్చినప్పుడు కూడా నేను వాకబు చేయలేదు. పేరు తెలియకుండా దిద్దితేనే మార్కులు న్యాయంగా పడతాయి. నాతో నాలుగు మాటలు మాట్లాడగల మనిషి అదే జిల్లాలో ఉండి కూడా ఆ నియమం వల్లే నాకు దొరకలేదు. అయినా ఆ ముక్క చింపాల్సిందే.