తొర్రూరులో కూసిన రైలు

కాజీపేట రైల్వే క్వార్టర్లలో కాపురముండే రమకు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోనులో లూడో ఆడకపోతే పొద్దు గడవదు. ఆట అనేది పేరుకే. ఒక్కో ఊళ్ళో ఒక్కో ఆడమనిషి కూచుని, పాచిక దొర్లించే నెపం మీద ఆ ఫోనులోనే ఒకరి ఇంటి సంగతులు ఒకరికి విప్పుకోవడమే అసలు పని. ఎవరింట ఏం కూర, ఎవరి అత్త ఏమన్నది, ఎవరి మొగుడు అలిగి ముడుచుకు పడుకున్నాడు, ఇవన్నీ తేలేసరికి ఎవరి కాయ ఎక్కడున్నదో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఎర్రకాయ రమది. ఫోనులో ఆట గది తెరిచేది ఆమే, మిగతావాళ్ళకు నంబరు పంపి పిలిచేదీ ఆమే, కాబట్టి పెద్దరికమూ ఆమెదే. పచ్చకాయ సుభాషిణిది. రమకు పిన్ని కూతురు, మరిపెడలో ఉంటుంది. పసుపుకాయ చిలుకమ్మది. మరమగ్గాల మీద పనిచేసే కొడుకుల వెంట సూరత్ పోయి అక్కడే ఉండిపోయిన పెద్దావిడ. నాలుగు తెలుగు మాటలు చెవిన పడితే చాలు, ఓడినా ఆమెకు సంతోషమే. ఇక నీలం కాయ మెహ్జబీన్‌ది. ఈమె ఎవరికీ చుట్టం కాదు. ఒకనాడు ఆటకు మనిషి తక్కువైతే ఆ ఆటే ఎక్కడి నుంచో తెచ్చి కూచోబెట్టింది. తొర్రూరులో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతానని, భర్త లారీ మీద నాగపూర్ పోతుంటాడని, తల్లి గులాబ్ బీ తన దగ్గరే ఉంటుందని చెప్పింది. ఆమె చెప్పడమే తప్ప, కళ్ళారా చూసినవాళ్ళు లేరు.

చేతులు రెండూ బట్ట మీద ఉంటాయి గనుక మెహ్జబీన్ ఫోనును మిషన్ బల్ల మీద నిలబెట్టి, స్పీకర్ పెట్టి ఆడేది. మిగతావాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళు. దాంతో ఆమె ఫోనులోంచి మిషన్ చప్పుడుతో పాటు ఎవరి మాటలు వాళ్ళకే తిరిగొచ్చేవి. "నా మాట నాకే మళ్ళొస్తాంది పిల్లా, జర సౌండ్ తగ్గియ్" అని రమ కసురుకునేది. మెహ్జబీన్ తగ్గించేది, మిషన్ చప్పుడులో ఏమీ వినపడటం లేదని కాసేపటికే మళ్ళీ పెంచేది.

ఆమె వచ్చాకే రమ నోటికి పూర్తిగా తాళం ఊడింది. సుభాషిణి దగ్గర ఏమన్నా అంటే పుట్టింటి వైపు పాకుతుంది. చిలుకమ్మ ముందర అత్తను తిడితే, ఆమె కూడా అత్తే గనుక ముఖం మాడ్చుకుంటుంది. మెహ్జబీన్ ముక్కూ మొహం తెలియని మనిషి, పైగా ఓపిగ్గా ఊకొడుతుంది. అందుకని మిగతా ఇద్దరూ రాకముందే ఆమెను పిలిచి, అత్త మొగిలమ్మ మీద ఉన్న కసినంతా వెళ్ళగక్కేది రమ. చివరికి ఎవరికీ చెప్పని ముచ్చట కూడా చెప్పేసింది. రమ భర్త రాజమౌళి లోకో షెడ్డులో ఫిట్టరు, తల్లికి ఒక్కడే కొడుకు. అతన్ని రోజూ గిల్లి గిల్లి, వేరే ఊరికి బదిలీ అడిగించింది రమ. ఈ సంగతి మొగిలమ్మ చెవిన పడితే ఇల్లు రెండవుతుందని మొగుడికీ భయమే, పెళ్ళానికీ భయమే.

ఆ మధ్యాహ్నం మెహ్జబీన్ మిషన్ ఆపి తన తల్లి కడుపునొప్పి గురించి చెబుతోంది. లోపల రాళ్ళున్నాయట, ఆపరేషన్ తప్పదన్నారట. రమ అయ్యో పాపం అంటుండగానే ఫోనులోంచి రైలు కూత వినబడింది. సన్నగా, పొడుగ్గా, ఆ వెనక చక్రాల చప్పుడు.

రమ వేలు పాచిక మీదే ఆగిపోయింది. తొర్రూరులో రైలెక్కడిది? అక్కడివాళ్ళు రైలెక్కాలంటే బస్సు పట్టుకుని మానుకోటకో వరంగల్‌కో రావాలి. చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి అది.

అదేం చప్పుడని ఒక్కమాట అడిగి ఉంటే ఎంత బాగుండేది. కానీ అనుమానం పుట్టినవాళ్ళు అడుగుతారా? ఆరా తీస్తారు. రమ ఏమీ ఎరగనట్టు పాచిక దొర్లించి, ఆనాటి నుంచి చెవులు నిక్కబొడుచుకుని ఆడటం మొదలుపెట్టింది. రోజూ వినబడింది కూత. ఒకసారి స్టేషన్‌లో మైకు గొంతు కూడా లీలగా వినబడినట్టయింది. రైల్వే వాళ్ళ కోడలికి ఆ గొంతు తెలియదా? అది కాజీపేట గొంతే.

ఇక పాత మాటలన్నీ ఒక్కొక్కటే లేచి కూచున్నాయి. ఫొటో పంపమంటే మెహ్జబీన్ ఎందుకు సిగ్గుపడింది? "మీ ఇల్లు స్టేషన్‌కు ఆనుకొనే ఉంటదా వదినా" అని ఎందుకు అడిగింది? "ఆ ఇంట్ల మీకు నిద్రెట్ల పడతది" అని ఇంకోసారి ఎందుకంది? రమ ఎన్నడూ ఇల్లు ఫలానా చోట ఉందని చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిందంటే చూసినట్టే గదా. ఈమె తొర్రూరు మనిషి కాదు, ఇక్కడిదే, ఈ క్వార్టర్లలోనే ఎక్కడో కూచుని తన గుట్టు లాగుతోంది.

అనుమానం ముదిరాక మనిషి కుదురుగా ఉండదు. వెనక వరుసలో ఒకావిడ మిషన్ కుడుతుందని విని, బాగానే ఉన్న జాకెట్టును కుట్టు విప్పుకుని మరీ పట్టుకుపోయింది రమ. ఆమె చేత అదీ ఇదీ మాట్లాడించి గొంతు పోల్చుకోవాలని చూసింది. ఆమె గొంతు మగవాళ్ళ గొంతులా బొంగురుగా ఉంది. జాకెట్టు మాత్రం బిగుతుగా తయారై తిరిగొచ్చింది.

అంతలో ఒక పొద్దున మొగిలమ్మ చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది. "ఏ ఊరు దొరికిందే మీకు? మంచిగున్నదా?"

ఏ ఊరు అత్తా అని రమ నంగనాచిలా అడిగింది. ముసలామె బియ్యం ఏరుకుంటూనే ఉంది. రాజమౌళి ప్రాణం పోయినా తల్లికి చెప్పడు. బయట తెలిసింది ఒక్క మెహ్జబీన్‌కే. రమకు ఇంకే రుజువూ అవసరం లేకపోయింది.

ఆ వారమే మెహ్జబీన్ అడిగింది. తల్లికి కాజీపేట పక్కనే వరంగల్‌లో పెద్ద దవాఖానలో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. రాత్రిళ్ళు తను వార్డులోనే ఉంటుంది, కానీ తానానికి, ఒక ముద్ద తినడానికి తెలిసినవాళ్ళెవరూ లేరు. "పొద్దుగాల ఒక్కపారి వచ్చి తానం చేసి పోతనే వదినా. మీ అడ్రస్ జర పెట్టున్రి" అంది. అనుమానం ఇంకా పుట్టని రోజుల్లో, మా ఇల్లు లేదా అని రమే మాట ఇచ్చి ఉంది. ఇప్పుడా మాట మింగుడుపడలేదు. ఇంట్లో కాలు పెట్టి, అత్తా ఆమే కలిసి తన ముందర నవ్వుతారా? లేక ఇంకేమన్నా దొంగతనాల ముఠానా? రోజూ ఫోనులో ఎంత వింటున్నాం.

చూసి చెప్తానని అప్పటికి దాటేసింది. ఊరి నుంచి బయలుదేరే ముందు మెహ్జబీన్ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి రమ అబద్ధం సిద్ధం చేసుకునే ఉంది.

"మేం ఇంటికాడ లేము పిల్లా. మరిపెడల మా అమ్మోల్లింటికొచ్చినం. వారం దాక రాము."

అవతల మిషన్ చప్పుడు లేదు.

"మరిపెడలనా వదినా?"

"ఔ, మరిపెడలనే. నిన్ననే వచ్చినం."

"సరే వదినా. పైలం."

దొంగ దొరికిపోయానని జంకిందని రమ అనుకుంది. మర్నాడు కొత్త గది తెరిచి మెహ్జబీన్‌కు నంబరు పంపలేదు. ఆమె తొర్రూరు మనిషే కాదని, తన దగ్గర గట్టి రుజువుందని, అదేమిటో తర్వాత చెబుతానని మిగతా ఇద్దరికీ గొప్పగా చెప్పింది. మంచి పిల్ల గదా అని చిలుకమ్మ నసిగింది. ముగ్గురే ఆడారు. రైలు కూత వినబడలేదు. ఆ తర్వాతి రోజూ వినబడలేదు. మనిషి పోయింది, కూతా పోయింది, ఇంతకన్నా ఏం కావాలని రమ తన తెలివికి తానే మురిసింది.

తర్వాత సుభాషిణి ఇయర్‌ఫోన్ల తీగ తెగింది. కొత్తవి కొనేదాకా స్పీకర్ పెట్టి ఆటకు వచ్చింది. మరిపెడలో వాన గురించి ఆమె చెబుతుండగా ఆమె ఫోనులోంచి, సన్నగా, పొడుగ్గా, రైలు కూసింది.

ఎక్కడున్నావని రమ అడిగింది. ఇంట్లోనే అంది సుభాషిణి. మరిపెడకూ రైలు లేదు గదా, ఈ కూతేమిటని అడిగింది. ఆమె నవ్వింది.

"మా రైలు గాదే అక్కా, మీదే. నా ఫోన్లకెళ్ళి నీకు మళ్ళొస్తాంది. రోజు మీ రైళ్ళతోని మా చెవులు పగులుతానయ్, నువ్వేమో అది కూస్తున్నా మాట్లాడుకుంటనే పోతవు. నీకు ఇనబడదా?"

అవును, వినబడదు. పెళ్ళయి ఈ క్వార్టర్‌కు వచ్చిన కొత్తలో రైలు పోయినప్పుడల్లా రమ మంచం పట్టుకుని కూచునేది. ఏడాది తిరిగేసరికి అలవాటైంది. తర్వాత ఆ చప్పుడు చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ఆ క్వార్టర్లలో అందరిదీ అదే తీరు, కిటికీ అదురుతున్నా ఎవరూ తల తిప్పరు. కిటికీలోంచి వచ్చే కూత వినని చెవికి, ఫోనులోంచి వచ్చిన కూత మాత్రం కొత్తగా తగిలింది. తన మాట తిరిగొస్తోందని రోజూ కసురుకున్న మనిషికి, తన రైలు కూడా తిరిగొస్తుందని తోచలేదు.

నేరుగా అత్త దగ్గరికి పోయి, బదిలీ సంగతి ఎవరు చెప్పారని అడిగేసింది. ఇక దాచడానికి ఏముంది?

"ఎవలో చెప్పుడెందుకే?" అంది మొగిలమ్మ. "నీ గొంతు గేటు దాక ఇనబడుతది. పక్క అర్రల ఉన్నదాన్ని, నాకినబడదా?"

రైలు చప్పుడును మించి అరిచి అరిచి ఆ క్వార్టర్లలో అందరి గొంతులూ అంతే. రమ అక్కడే కూలబడి, దవాఖానలో ఉన్న పిల్ల సంగతి, తాను చేసిన పని అత్తకు చెప్పుకుంది. బదిలీ గురించి కొట్లాడుతుందనుకున్న ముసలామె, దాని ఊసెత్తనే లేదు. "తల్లికి ఆపరేషన్ అంటే ఆ పిల్లను ఇంటికి తోల్కరాకపోయినవా, పాపపుదానా" అని లేచి పొయ్యి మీద కోడిగుడ్లు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని రమ పెద్ద దవాఖానకు పోయింది. ఆడవాళ్ళ వార్డులో ఒక్కో మంచం దాటుతూ ముఖాలు చూసింది గానీ, ఆమెకు తెలిసింది ముఖం కాదు గదా. చివరికి కిటికీ పక్క మంచం దగ్గర, అమ్మీ జర పక్కకు తిరుగు అంటున్న గొంతు విని ఆగిపోయింది. సన్నటి మనిషి, కళ్ళ కింద నలుపు, నలిగిన చున్నీ. నోరు తెరిచి ఒక్కమాట అనగానే మెహ్జబీన్ కూడా గొంతు పట్టి పోల్చుకుంది. స్టూలు జరిపి కూచోమంది. తల్లికి బాగానే ఉందని, రేపు పంపిస్తారని చెప్పింది. తానం బస్టాండు దగ్గర డబ్బులిచ్చి చేస్తోందట. అక్కడ తలుపుకు గడియ లేదట, అయినా ఏం కాలేదని చెప్పింది.

"మరిపెడకెళ్ళి ఎప్పుడొచ్చిన్రు వదినా?" అని అడిగింది. ఎత్తిపొడుపు లేదు గొంతులో.

రమ తల వంచుకుంది. డబ్బా మూత మీద వేలితో గీస్తూ కూచుంది.

"మీరు మరిపెడ అన్నప్పుడు వెనుక రైలు కూసింది" అంది మెహ్జబీన్. "అప్పుడే తెలిసింది. మేం వేరేటోల్లమని మీ అత్తమ్మ ఒప్పుకోలేదేమో అనుకున్న. గట్లయితే వద్దని చెప్పినా నేనేం అనుకోకపోదును."

అది కాదని రమ గబగబా అంది. అత్తే ఈ గుడ్లు ఉడికించి పంపిందని చెప్పింది. అసలు సంగతి కూడా చెప్పింది. నీ ఫోనులో రైలు వినబడిందని, తొర్రూరులో రైలు లేదు గనుక నువ్వు అబద్ధాల మనిషివనుకున్నానని, అది తన కిటికీ బయటి రైలేనని ఇప్పుడే తెలిసిందని. చెబుతుంటేనే తన చెవికే అది మరిపెడ కన్నా పెద్ద అబద్ధంలా వినబడింది. రోజూ ఇంటి ముందు నుంచి పోయే రైలు వినపడలేదంటే ఎవరు నమ్ముతారు?

"పోనీ వదినా" అంది మెహ్జబీన్. డబ్బా తీసుకుంది, కడిగి తిరిగిచ్చింది కూడా.

వాళ్ళు తొర్రూరు పోయాక రమ మళ్ళీ గది తెరిచి నంబరు పంపింది. మెహ్జబీన్ వచ్చింది. నీలం కాయ తన వంతు రాగానే కదిలింది, ఎవరి కాయనూ ఆపలేదు, ఎవరి కాయనూ చంపలేదు. కానీ ఆమె పేరు పక్కన మైకు బొమ్మ మీద, గొంతు ఆపేసిన అడ్డగీత ఉంది. ఆనాడే కాదు, తర్వాత కూడా తీయలేదు. మిషన్ చప్పుడు రాలేదు, రమ మాట రమకు తిరిగి రాలేదు.

ఇప్పుడు రమకు కిటికీలోంచి ప్రతి బండీ వినబడుతుంది. కూత రాగానే పాచిక వదిలేసి, ఇయర్‌ఫోన్లు చెవిలోకి నొక్కుకుని వింటుంది. తొర్రూరు నుంచి అది తిరిగి రాదు.