మంచు జారిపోయే కప్పు

చెట్టు నుంచి కోయకుండా, పొయ్యి వెలిగించకుండా, చుక్క నూనె వాడకుండా కాప్సికం కూర వండిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, అది నేనే. ఆ వంటకు కావలసిన పాత్రను కూడా నేనే డిజైన్ చేసి, రాచర్ల మండలంలోని మా పొలంలో నాలుగు ఊళ్ళకు కనిపించేంత ఎత్తున కట్టించాను. దాన్ని నేను గ్రీన్‌హౌస్ అనేవాణ్ణి. ఊరివాళ్ళు ఏమనేవాళ్ళో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. మార్కాపురంలో ఒక పలకల కార్ఖానాలో సూపర్‌వైజర్‌ని. అంటే, మిగతావాళ్ళు రాయి కోస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే ఉద్యోగం. రోజంతా ఊరికే నిలబడేవాడికి ఆలోచనలు రాక ఏం చేస్తాయి? ఫోన్‌లో వ్యవసాయం వీడియోలు చూడడం మొదలుపెట్టాను. వాటిలో ఒకటి నా మనసు దోచేసింది. ఎక్కడో చలిదేశం. రెండు చేతులూ జోడించి దండం పెట్టినట్టు నిటారుగా లేచిన పైకప్పు. దాని కింద ఎరుపు, పసుపు కాప్సికం కాయలు పెళ్ళిపందిట్లో సీరియల్ బల్బుల్లా వేలాడుతున్నాయి. ఒక తెల్లాయన కప్పు వైపు వేలు చూపించి ఏదో చెబుతున్నాడు. ఆయన భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా ఆయన తల ఊపిన చోటల్లా నేనూ ఊపాను. నాలుగోసారి చూసేసరికి ఆ శాస్త్రమంతా నాకు వచ్చేసింది.

ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చి నాయన ముందు నిలబడ్డాను. మాదంతా వాన కోసం ఎదురుచూసే చేను. కంది, సజ్జ తప్ప మరోటి ఎరగదు. బోరు నీళ్ళు అందేది ఒక్క అర ఎకరానికే. ఆ అర ఎకరా అంటే నాయనకు ప్రాణం.

"బోరు కింద చేను నాకియ్యి నాయనా. గ్రీన్‌హౌస్ వేస్తా," అన్నాను.

"ఏందది?"

"పైన కప్పు వేసి, దాని కింద పంట పెట్టేది."

నాయన తలెత్తి ఆకాశాన్ని చూశాడు. "పైన ఒకటి ఉండాది గదరా ఇప్పటికే."

అరగంట సేపు చేతులు తిప్పి వివరించాను. చివరికి ఆయన తలపాగా విప్పి దులిపాడు. "సరే, ఒక్క ఏడాది ఇస్తా. పంట చూపించినావా, ఆ చేను నీది. చూపించలేదనుకో, మళ్ళా మార్కాపురం పోయి చేతులు కట్టుకొని నిలబడు. నా చేను జోలికి రావాకు."

"జిల్లా అంతా వచ్చి చూస్తాది, ఉండు నాయనా!"

మా మండలంలో నీటి ఎద్దడి లేకుండా పండే పంట ఒక్కటే. అది నా ఆత్మవిశ్వాసం.

గిద్దలూరులో వెల్డింగ్ పని చేసే మస్తాన్ దగ్గరకు కాగితం మీద గీసిన బొమ్మతో వెళ్ళాను. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఇంత నిక్కపొడుచుకొని ఎందుకన్నా కప్పు?"

"మంచు జారిపోవాల మస్తానూ. చదునుగా ఉంటే మంచు పేరుకొని, ఆ బరువుకు కూలిపోతాది."

మస్తాన్ కళ్ళద్దాలు నుదుటి మీదకు జరిపి బయటికి చూశాడు. ఎండకు తట్టుకోలేక ఒక కుక్క ఆగివున్న ఆటో కిందకు దూరి, నాలుక వేలాడేసుకుని పడుకుంది.

"మనకాడ మంచు యాడ పడుతాదన్నా?"

"పడితే?" అన్నాను.

మస్తాన్ కళ్ళద్దాలు మళ్ళీ కిందకు దించుకున్నాడు. వాదనలో నేను గెలిచాను. అయ్యా, అమ్మా, ఇది మాత్రం గమనించండి. ఈ కథలో ప్రతి వాదనలోనూ నేనే గెలిచాను. నా కొంప ముంచింది అదే.

"పోనీ పైన కొసన ఒక మూరెడు సందు ఇడుద్దామా?" అన్నాడు పాపం, ఇంకో ప్రయత్నంగా. "వేడి పైకే గదా పోయేది."

"సందు ఇడిస్తే వేడంతా బయటికి పోదూ?"

"పోనీ అన్నా! మనకేమన్నా వేడికి కరువా?"

"గ్రీన్‌హౌస్ అంటేనే వేడిని దాచిపెట్టుకునేది మస్తానూ."

మస్తాన్ నా బొమ్మను మడిచి పక్కన పెట్టి, "రాచర్ల మండలంలో వేడి దాచిపెట్టుకునే మొదటోడివి నువ్వే అన్నా," అని రాడ్డు అందుకున్నాడు. దాన్ని నేను మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో మంచు లేదు, చలి లేదు, కప్పు మాత్రం నిటారు.

ఇక నా భార్య సుజాత. మా మేనత్త కూతురే. ఇనుప స్తంభాలు లేస్తుంటే వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"బావా, ఏ పంట వేస్తామో చూసుకొని గదా కప్పు కట్టేది? కొత్తిమీర వేస్తే పైన నీడవల కట్టినా చాలు. ఎండాకాలం కొత్తిమీరకు గిద్దలూరు మార్కెట్టులో ఎంత గిరాకీ ఉంటాదో ఎరగవా?"

"కొత్తిమీర కూర మీద చల్లేది సుజాతా. నేను పండించేది కూర!"

మళ్ళీ గెలిచాను.

న్యాయం చెప్పాలంటే, పుష్యమాసంలో నా కాప్సికం మొక్కలు నవనవలాడాయి. చల్లటి రోజులు కదా, కప్పు కింద అవి హాయిగా ఒళ్ళు విరుచుకున్నాయి. నేను కూడా మొక్కల మధ్య నిలబడి, చేతులు కట్టుకుని ఫోటో దిగాను. దాన్ని హార్టికల్చర్ ఆఫీసులో ఉండే మేడమ్‌కు పంపి, కింద ఇలా రాశాను: "తప్పక వచ్చి చూడండి మేడమ్. జిల్లాకే ఆదర్శం." మేడమ్ మర్యాదస్థురాలు. "జూలైలో అటువైపు వస్తాను, చూస్తాను," అని జవాబిచ్చింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడాది పోతూ పోతూ నా కాప్సికాన్ని కూడా వెంటబెట్టుకుని పోయింది.

ఎండ ముదిరింది. పాలిథిన్ కప్పు కిందకు వచ్చిన వేడి వచ్చినట్టే ఉండిపోయింది. నేను చెప్పినట్టే దాక్కుంది! లోపల తగిలించిన ఉష్ణమాపకంలో ఎర్రగీత పైదాకా పాకి, ఇక పాకడానికి చోటు లేక ఆగిపోయింది. యంత్రం చెడిపోయిందని దాన్ని పారేసి కొత్తది తగిలించాను. అదీ చెడిపోయింది.

ఒక మధ్యాహ్నం నాయన లోపలికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికి వచ్చి తువ్వాలు పిండాడు.

"ఏందిరా ఇది, ఇడ్లీ పాత్రలో దూరినట్టుండాది?"

"అలవాటు పడాల నాయనా."

"ఎవురు, నేనా, చెట్లా?"

పూత రాలిపోయింది. నిలిచిన కాయలకు తెల్లటి మచ్చలు పడి మెత్తబడ్డాయి. సుజాత ఒక కాయను వేలితో నొక్కి చూసి, "ఉప్పూ కారం వేసి దించేయొచ్చు బావా," అంది.

బాగుపడింది ఒక్కరే. గొర్రెలు మేపే మా పుల్లయ్య మామ. ఒకరోజు నన్ను పలకరించడానికి లోపలికొచ్చి, పది నిమిషాలు చెమటోడ్చి, తేలిగ్గా నడుచుకుంటూ బయటికి పోయాడు. మర్నాడు తువ్వాలు కప్పుకుని మళ్ళీ వచ్చాడు.

"అల్లుడా, నీ కాప్సికం సంగతి నాకు తెల్దు గానీ, నా మోకాళ్ళు పదేండ్లు ఎనక్కి పోయినాయి!"

మూడోనాడు ఇంకో ఇద్దరు ముసలాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు. వరసన కూర్చుని, "అబ్బ, అబ్బ," అంటూ మోకాళ్ళు రుద్దుకునేవాళ్ళు. లోపల కాయలు తగ్గేకొద్దీ మోకాళ్ళు పెరిగాయి. ఊరంతా దాన్ని ఆవిరికొంప అనడం మొదలుపెట్టింది. "ఆవిరికొంప శీనయ్య ఇల్లు యాడ?" అని నా పేరు చెప్పి అడిగితే ఆటోవాళ్ళు సరిగ్గా మా గుమ్మం ముందు దింపేవాళ్ళు.

మే నెలలో ఎండిన మొక్కలన్నీ పీకి గట్టున కుప్పపోశాను. నాయన ఆ కుప్ప పక్కన గొంతుకూర్చుని, ఒక ఎండుకొమ్మను చేతిలో తిప్పుతూ చాలాసేపు ఉండిపోయాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే వాదించి గెలిచేవాణ్ణి. ఆ మౌనంతో ఎలా వాదించాలో నాకు తెలియలేదు. మొదటిసారి మార్కాపురం బస్సు కళ్ళముందు కదిలింది.

సుజాత మాత్రం ఆ మడుల్లోనే కొత్తిమీర చల్లింది. మొలకలు వచ్చాయి, వచ్చి తలలు వాల్చాయి. అప్పుడు నాకు మహత్తరమైన ఆలోచన తట్టింది. గాలి కావాలి! పడమటి పక్క తెరను పైకి చుట్టేశాను.

గాలి వచ్చింది. అది మామూలు గాలి కాదు, ఆషాఢమాసం పడమటి గాలి. నల్లమల కొండల మీదుగా దిగి, మా చేలో దుమ్మునంతా పక్క ఊరికి బట్వాడా చేసే గాలి. సాయంత్రం నాలుగింటికి నేను లోపల నిలబడి, "చూసినావా సుజాతా, గాలి ఎట్ల వస్తాందో!" అంటున్నాను.

"వస్తాంది సరే బావా. యాట్నుంచి పోతాది?" అంది.

జవాబు నాకంటే ముందు కప్పే చెప్పింది. పైన ఫటఫటమని చప్పుడు. ఆ వెంటనే కొసన, తూర్పు వాలు మీదున్న పాలిథిన్ షీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా చీలిపోయి, పాము కుబుసం విడిచినట్టు లేచిపోయింది. మేం బయటికి పరుగెత్తేసరికి పొలాల మీదుగా ఎగిరిపోతోంది.

"అల్లుడా! ఓ అల్లుడా!" పుల్లయ్య మామ కేక దూరం నుంచి వినిపించింది. "నీ కప్పు వచ్చి నా గొర్రెల మీద పండుకుండాది!"

చూద్దును కదా, తెల్లటి షీటుకు కింద ఎనభై కాళ్ళు మొలిచి, "మ్యా" అంటూ చేనుకు అడ్డంగా పరుగెడుతోంది. దాని వెనక నేను, నా వెనక మామ, మామ వెనక ఊరు. ఒక పొట్టేలు షీటును చించుకుని తల బయటపెట్టి, దీనంతటికీ బాధ్యుడెవరో తెలిసినట్టు సరాసరి నా వైపే చూసింది.

మస్తాన్‌కు ఫోన్ చేస్తే పదిహేను రోజుల దాకా తీరిక లేదన్నాడు. ఈలోగా పిట్టలు దూరకుండా సుజాత ఆ సందుకు నీడవల కట్టింది. మడుల మీద కూడా పందిరిలా అదే వల పరిచింది. పది రోజుల్లో కొత్తిమీర లేచి నిలబడింది. పచ్చగా, ఒత్తుగా, దగ్గరికి పోతే వాసనకే ఆకలేసేంతగా. పైన బొక్క ఉన్నా పంట వచ్చిందే అని నేను ఆశ్చర్యపోయాను. బొక్క ఉండబట్టే వచ్చిందన్న సంగతి తట్టడానికి బుర్రలో కూడా కాస్త గాలాడాలి కదా!

అందుకే మేడమ్ వస్తున్నానని కబురు పంపిన రోజున కొత్త షీటు చుట్ట భుజాన వేసుకుని నిచ్చెనెక్కాను. నాయన కింద నిచ్చెన పట్టుకున్నాడు. ఆదర్శ గ్రీన్‌హౌస్‌కు బొక్క ఉంటే ఏం మర్యాద? సుజాత కట్టిన వల ముడి ఒకటి విప్పానో లేదో, గట్టు మీద జీపు ఆగింది.

"ఆగండి, ఆగండి! ఎందుకు మూసేస్తున్నారు దాన్ని?" మేడమ్ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

ముందు కొత్తిమీర చూసింది, ఒక రెమ్మ తుంచి వాసన చూసింది, తర్వాత తలెత్తి కప్పు చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఈ ఎండలకు వేడి పైనుంచి పోవాల్సిందే. గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి, పైన సందు తూర్పుకు ఉండాలి. అప్పుడు గాలి దెబ్బ తగలదు, పైగా లోపలి వేడిని లాగేస్తుంది. ఆకుకూరకు కింద నీడవల. ఈ ప్రాంతానికి ఇంతకంటే ఏం కావాలి? ఎంత చెప్పినా ఎవరూ ఇట్లా కట్టరు. ఈ డిజైన్ ఎవరిదండీ?"

నిచ్చెన మీదే నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాను.

"నాదే మేడమ్. చాలా అధ్యయనం చేసి..."

"తూర్పు వైపే తెరవాలని ఎట్లా నిర్ణయించుకున్నారు?"

నోరు తెరిచాను. షీటు చుట్టను ఇంకో భుజానికి మార్చుకున్నాను. కింద నుంచి నాయన గొంతు ప్రశాంతంగా వినిపించింది.

"డిజైన్ గాలిది తల్లీ. నిచ్చెన మీదుండేది మా గాలోడు."

సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాకు అడ్డం పెట్టుకోవడానికి పాలిథిన్ షీటొకటే ఉంది, అందులోంచి అంతా కనిపిస్తోంది.

ఆ సాయంత్రం నాయన మాట నిలబెట్టుకున్నాడు. పంట చూపించినవాళ్ళకు చేను ఇచ్చేశాడు. కోడలికి. నేనిప్పుడు ఆమె దగ్గర సూపర్‌వైజర్‌ని. చేతులు కట్టుకుని నిలబడితే మాత్రం ఊరుకోదు.

కాబట్టి మా బోరు సాక్షిగా, కొత్తిమీర మడిలో తూర్పుముఖంగా నిలబడి, అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆ నేల ఎండను, ఆ రుతువు గాలిని, కింద బతకబోయే పైరును సంప్రదించకుండా ఏ పైకప్పు జోలికీ పోను. అది గ్రీన్‌హౌస్‌దైనా, పశువుల కొట్టానిదైనా, కోళ్ళగూడుదైనా సరే. ఆఖరికి గొడుగు కొనాల్సి వచ్చినా, సుజాతను అడిగే కొంటాను.