నొప్పి లేని భుజం

మొన్న స్టాఫ్ రూములో మా లెక్కల మేడమ్ ఫోన్ నా ముందు పెట్టి ఒక వీడియో చూపించారు. ఏ దేశంవాడో తెలియదు, చాలా ఏళ్లు ఎవరి చేతిలోనూ ఓడని బాక్సరట. ఆ రోజు మాత్రం ఏకపక్షంగా దెబ్బలు తిన్నాడు. రౌండుకీ రౌండుకీ మధ్య స్టూలు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. తల అడ్డంగా ఊపాడు, అంతే, ఆట అయిపోయింది.

"మీరు బాక్సింగ్ చేసినవాళ్లు కదండీ, మీరే చెప్పాలి. అంత మొనగాడు మధ్యలో ఎందుకు వదిలేశాడంటారు? భయమేనా?" అని అడిగారామె.

"భుజమేదైనా పట్టేసుంటుందిలెండి," అన్నాను.

చూశారా, ఎంత సులువుగా వచ్చేసిందో నోటికి. పన్నెండేళ్లయినా అదే అబద్ధం. నాకోసం ఆడింది చాలక, ఈసారి ఊరూ పేరూ తెలియని మనిషి తరఫున కూడా ఆడేశాను. ఆ రోజు మధ్యాహ్నం పిల్లలచేత ఖోఖో ఆడిస్తున్నానన్న మాటేగానీ నా మనసు అక్కడ లేదు.

నేను కంకిపాడు దగ్గర ఒక స్కూల్లో పీఈటీని. ఈ ఉద్యోగానికి ముందు వరసగా నాలుగేళ్లు మా బరువులో రాష్ట్రానికి ఫస్టు. ఈ మాట చెప్పగానే జనం కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. చెప్పని సంగతేమిటంటే, మా బరువులో రాష్ట్రం మొత్తానికీ ఐదారుగురు అమ్మాయిలే ఉండేవాళ్లు. ఒక ఏడాదైతే నేరుగా ఫైనల్లోనే దిగాను. వచ్చినవాళ్లలో సగం మంది ఇంట్లో తెలియకుండా వచ్చినవాళ్లే. ముక్కు పగిలితే అమ్మకేం చెప్పాలా అని గంట కొట్టకముందే ఏడుపు మొహాలు పెట్టుకుని నిలబడేవాళ్లు. వాళ్లని కొట్టి నేను మహారాణినైపోయాను.

మా కోచ్ సార్‌కి ఈ సంగతి తెలుసు. బెజవాడ భవానీపురంలో ఒక రేకుల షెడ్డులో నేర్పేవారాయన. నేను ఊరి నుంచి బస్సెక్కి వచ్చేదాన్ని. "నీకిక్కడ జోడీ లేదమ్మా. పెద్ద క్యాంపుకి పంపిస్తాను. రెండు నెలలు దెబ్బలు తిని రా," అని ఎన్నిసార్లు చెప్పారో. నాన్న లేడు, అమ్మ ఒక్కతే అయిపోతుందని ఒకసారి, డిగ్రీ పరీక్షలని ఇంకోసారి చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ నాచేత కొట్టించుకోవడానికి పిల్లలుండగా, దెబ్బలు తినడానికి అంత దూరం పోవడమెందుకని నా లెక్క.

షెడ్డులో నాకో అలవాటు ఉండేది. ఎదుటి పిల్ల అలిసిపోయి చేతులు దించేసిందనుకోండి, నేను దెబ్బలో బలం తీసేసేదాన్ని. తలుపు తట్టినట్టు గ్లవ్‌తో నుదుటి మీద టక్ టక్‌మని తట్టి వెనక్కి జరిగేదాన్ని. చూసేవాళ్లు "అక్క మంచిది, పాపం, కొట్టట్లేదు" అనేవాళ్లు. నిజమే కాబోలని నేనూ మురిసిపోయేదాన్ని. మంచితనమూ కాదు, పాడూ కాదు. నిన్ను కొట్టడం కూడా దండగే అని పదిమందిలో చెప్పడమది. నా నుదుటి మీద పడ్డాక గానీ నాకది తెలియలేదు.

ఐదో ఏడు రాష్ట్ర పోటీలు బెజవాడలోనే పెట్టారు. అమ్మ అప్పటిదాకా నా ఆట ఒక్కసారీ చూడలేదు. పొలం పనులకి వెళ్లే మనిషి, నాట్ల రోజుల్లో అసలు కదిలేది కాదు. ఈసారి దగ్గరే కదా అని మా చర్చి ఆడవాళ్లు ఎనిమిది మందిని వెంటేసుకుని ఆటోలో దిగింది. అందరూ ఆదివారం చీరల్లోనే వచ్చారు. అమ్మ ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో అరటిపళ్ల సంచీ పట్టుకుని, "మా అమ్మాయేనండీ, మా అమ్మాయే" అని గేటు దగ్గరున్నతనికి కూడా చెప్పింది.

నా మీదకి వచ్చినమ్మాయి విశాఖ వైపు పిల్ల. పద్దెనిమిదేళ్లుంటాయేమో. బక్కగా ఉంది, తలకి పెట్టుకున్న హెడ్‌గార్డ్ కూడా వదులే. చూసి నవ్వుకున్నాను.

ఆ నవ్వు మొదటి రౌండులోనే పోయింది. నా చెయ్యి వెళ్లేసరికి ఆ పిల్ల అక్కడ ఉండేది కాదు. పక్కనుంచి వచ్చి కొట్టేది, తిరిగి చూసేలోపు ఇంకోవైపు ఉండేది. ముక్కు నుంచి నెత్తురు కారింది. నొప్పి పుట్టింది, పుట్టదా మరి. కానీ నేను నొప్పికి భయపడలేదు, ఇది ఒట్టేసి చెప్పగలను. "దెబ్బలు తగుల్తాయమ్మా, పర్లేదు, నిలబడు," అన్నారు సార్ నీళ్లు పట్టిస్తూ. నిలబడ్డాను కూడా.

రెండో రౌండు సగమయ్యేసరికి తాళ్లకి ఆనుకున్నాను. చేతులు పైకి లేవలేదు, దించేశాను. ఆ పిల్ల దగ్గరికొచ్చింది. ఇక పడుతుంది పెద్ద దెబ్బ అని పళ్లు బిగబట్టాను. పడలేదు. నుదుటి మీద టక్ టక్‌మని తట్టి వెనక్కి జరిగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ టక్ టక్. ఆ కళ్లలో వెటకారం వెతికాను. అదుంటే బాగుండేది. జాలి తప్ప ఏమీ కనిపించలేదు. వెనకనుంచి "ప్రభువా, ప్రభువా" అని అమ్మ గొంతు వినిపిస్తోంది.

ఒళ్లంతా మండిపోయింది. గెలవాలని లేదు, గండం గట్టెక్కాలనీ లేదు, ఆ తట్టడం ఆగితే చాలనిపించింది. గట్టిగా కొట్టి పడేసినా హాయిగా పడి ఉండేదాన్ని. చర్చి ఆడవాళ్లు చూస్తుండగా, అమ్మ చూస్తుండగా గంట కొట్టేదాకా ఆ పిల్ల దయ మీద నిలబడి ఉండటం నావల్ల కాలేదు. మోకాలి మీద కూలబడి కుడి భుజం పట్టుకున్నాను.

"భుజం సార్, జారిపోయింది," అన్నాను.

రిఫరీ ఆపేశాడు. గాయం వల్ల ఆట ఆగిపోయిందని కాగితం మీద రాసుకున్నారు. నేను ఓడిపోయానని ఎవరూ అనలేదు. ఆ విశాఖ పిల్ల గ్లవ్స్ విప్పకుండానే పరిగెత్తుకొచ్చి "సారీ అక్కా, నావల్లే అయిందా?" అంది. కళ్లలో నీళ్లు. కాదని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? అనలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాను.

కాసేపటికి సార్ టీ తెచ్చిచ్చారు. కుడిచేత్తో అందుకున్నాను. అందుకున్నాక ఇద్దరం ఆ చేతివంకే చూశాం.

"ఎడం చేత్తో తాగమ్మా. మీ అమ్మగారు ఇటే వస్తున్నారు," అన్నారాయన మెల్లిగా.

చెంప మీద ఒకటి కొట్టినా ఇంతకాలం గుర్తుండేది కాదేమో. ఆ తర్వాత నేను ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఆయనా కబురు పెట్టలేదు.

అక్కడితో అయిపోతే ఇది చెప్పుకోవలసినంత కథ కాదు. అమ్మ రోజూ సాయంత్రం వెల్లుల్లి వేసి నూనె కాచి నా భుజానికి రాసేది. పొద్దస్తమానం వంగి నాట్లేసి వచ్చిన మనిషి, తన నడుం కూడా నిమురుకోకుండా నా భుజం పట్టుకుని కూర్చునేది. ఎక్కడ నొక్కితే అబ్బా అనాలో నేను ముందే ఆలోచించి పెట్టుకునేదాన్ని. మూడు శుక్రవారాలు నాకోసం ఉపవాసం ఉంది. పాస్టరయ్యగారు వచ్చి నూనెతో అభిషేకించి ప్రార్థన చేశారు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉన్నంతసేపూ, ఇప్పుడు చెప్పేద్దాం, ఇప్పుడు చెప్పేద్దాం అనుకుంటూ కళ్లు మూసుకుని కూర్చున్నాను.

నాలుగో ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు లేచి నిలబడి అందరికీ చెప్పాలి. అమ్మ మోచేత్తో పొడిచింది. "లెగవే. దేవుడు చేసిన మేలు దాచుకోకూడదు."

లేచాను. నా ఆట చూసిన ఎనిమిది మందీ ముందు వరసలోనే ఉన్నారు. కుడి చెయ్యి నిలువుగా పైకెత్తి "ప్రభువు నా భుజాన్ని స్వస్థపరిచాడు" అన్నాను. చర్చి అంతా స్తోత్రమంది. నాలుగు మెడల్స్‌కీ కలిపి కూడా అన్ని చప్పట్లు రాలేదు నాకు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ సాక్ష్యాన్ని అమ్మ ఇన్నేళ్లూ మోసింది. బస్సులో పక్క సీటు ఆవిడకి చెప్పింది, నాట్లలో చెప్పింది, ఆఖరికి నా పెళ్లిచూపుల్లో కూడా చెప్పింది. ప్రతిసారీ నేను నీళ్లు తాగే వంకతో లోపలికి పోయేదాన్ని.

అమ్మ ఇప్పుడు నాతోనే ఉంటోంది. సుగర్ మనిషి. రెండు నెలలుగా ఆమె కుడి భుజం పట్టేసి ఉంది, నిజంగానే. చెయ్యి చెవిదాకా కూడా లేవదు. జడ నేనే వేస్తున్నాను. చర్చిలో అందరూ చేతులెత్తినప్పుడు ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తుతోంది.

లెక్కల మేడమ్ వీడియో చూపించిన రెండు రోజులకి, ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ అమ్మ కుర్చీలో కూర్చుని నన్ను పిలిచింది.

"ఒకసారి చెయ్యేసి ప్రార్థన చెయ్యవే. దేవుడు ముట్టిన భుజం నీది. నీ చెయ్యి పడితే తగ్గుద్ది."

వేశాను. ఎముక చేతికి తగిలింది, అంత చిక్కిపోయింది. అమ్మ కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది.

"అమ్మా, ఆ రోజు నా భుజానికేం కాలేదు," అన్నాను. "జారలేదు, నొప్పీ లేదు. అబద్ధమాడాను."

అమ్మ తల తిప్పలేదు. "మరి చర్చిలో చెప్పిందో?"

"అదీ అబద్ధమే."

"ఎందుకే?"

"ఆ పిల్ల నా మీద జాలిపడి కొట్టడం మానేసిందమ్మా. నువ్వు చూస్తున్నావు. తట్టుకోలేకపోయాను."

తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. అమ్మ తనలో తను అనుకున్నట్టు అంది.

"మూడు శుక్రవారాలు పచ్చి మంచినీళ్లు ముట్టుకోలేదు. చేసిన ప్రార్థనంతా ఆ భుజానికే పోయింది. నీకోసం ఒక్క మాటైనా అడగలేదే నేను."

ఎడం చేత్తో కొంగు తల మీదికి లాక్కుంది. సగంలో జారిపోతే నేను సర్దాను. అమ్మకి మెల్లిగా ప్రార్థన చెయ్యడం చేతకాదు. కిటికీ తెరిచే ఉంది, పక్కింటివాళ్లు వాకిట్లోనే ఉన్నారు. ఆమె తన మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది.

"ప్రభువా, నా బిడ్డ ఆ రోజు ఓడిపోయింది. ఓడిపోయానని నాకు చెప్పుకోలేకపోయింది."

పన్నెండేళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి మా అమ్మ. అక్కడ ఆగి, నేనేమంటానో అని ఎదురుచూసింది. నా చెయ్యి ఇంకా ఆమె భుజం మీదే ఉంది. ఆమెన్ అన్నాను.