మగ్గం పడుకున్న రోజులు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధికి తెల్లవారడమంటే మగ్గాల చప్పుడు మొదలవడమే. ఇంటికొక గుంత మగ్గం ఉండేది. మా నాయన నేతపనిలో పుట్టినవాడు కాదు. తాడిమర్రి దగ్గర మెట్టసేద్యం గిట్టక టౌనుకు వచ్చి, మరొకరి పక్కన కూర్చుని పని నేర్చుకుని, సొంతంగా ఒక మగ్గం పెట్టుకున్నాడు. మాకున్న ఆస్తి అదొక్కటే. పట్టు, జరీ సావుకారు ఇచ్చేవాడు. ఒక వార్పు అంటే మూడు చీరలకు సరిపోయే పట్టుపోగులు. మూడూ నేసి అప్పగిస్తే ఆరువందలు కూలి. చీరకు ఐదు రోజుల చొప్పున మూడు చీరలకు పదిహేను రోజులు. అంటే రోజుకు నలభై రూపాయలు. నాయన లెక్క అదే, మా ఇంటి ఖర్చూ అదే.

నేనప్పుడు నాలుగో తరగతి. లెక్కలంటే ప్రాణం. నాయన లెక్కలో నాకూ తప్పు కనబడలేదు. ఆరువందలను పదిహేనుతో భాగిస్తే నలభయ్యే కదా. అయినా పదహారో రోజుకు బియ్యం డబ్బా అడుగు తేలేది. వార్పు మాత్రం ఇంకా మగ్గం మీదే ఉండేది.

ఒక వానాకాలంలో అలాంటప్పుడే నాయన మొదటిసారి వారం వడ్డీ ఆయనను పిలిచాడు. ఆయన సైకిలు మీద వచ్చి, పుస్తకంలో రెండువందలని రాసుకుని, ఇరవై ముందే పట్టుకుని, నూట ఎనభై చేతిలో పెట్టాడు. కూలి వచ్చిన రోజు రెండువందలూ తీసుకుపోయాడు. ఇంక మాకు మిగిలింది నాలుగువందలు. రోజుకు నలభై చొప్పున పది రోజులకే అయిపోయింది. ఈసారి నాయన నాలుగువందలు తీసుకున్నాడు. అదీ కట్టేసరికి మూడో వార్పు మొదట్లో మా చేతిలో ఉన్నది రెండువందలు. ఐదు రోజుల తిండి. ఆరో రోజున డబ్బా మళ్లీ ఖాళీ. కూలి రావడానికి ఇంకా పదిహేను రోజులుంది.

అప్పుడు సావుకారు కబురు పంపాడు. రెండువేలు అడ్వాన్సు ఇస్తాడట. మగ్గం విప్పి ఆయన షెడ్డులో పెట్టాలట. చీరకు ముప్పై రూపాయలు కూలి తగ్గుతుందట. అడ్వాన్సు తీరేదాకా వేరే ఎవరికీ నేయకూడదట. అలా షెడ్డుకు పోయిన మగ్గం తిరిగి ఇంటికి వచ్చినట్టు మా వీధిలో ఎవరూ చూడలేదు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఖాళీ డబ్బాను మళ్లీ మళ్లీ తుడుస్తూ ఉండిపోయింది.

నాయన తల్లి, మా అవ్వ, ఆ వానాకాలం మొదట్లోనే తాడిమర్రి నుంచి వచ్చింది. వచ్చిన వారానికే నాకొక పని అప్పజెప్పింది. పొద్దంతా మగ్గం చప్పుడు వినబడని రోజున ఒక చెనిక్కాయ, అదే వేరుశనక్కాయ, తీసి మూలనున్న ముంతలో వేయాలి. ఎందుకని అడిగితే, చివర్లో కాయలన్నీ నువ్వే తిందువులే అంది. అంతకన్నా పెద్ద కారణం ఆ వయసులో నాకు అక్కర్లేదు. ఒక్కరోజు కూడా తప్పకుండా వేశాను.

ఆ రోజు సావుకారు గుమాస్తా మా గడపలో నిలబడి, "ఏమప్పా, దుడ్డు తెచ్చినా. రేపు పొద్దున్నే బండి పంపిస్తా, మగ్గం విప్పి పెట్టు" అన్నాడు. నాయన ఆ దుడ్డు తీసుకోవడానికి లేచి చొక్కా వేసుకుంటున్నాడు. అవ్వ నాతో ముంత తెప్పించి, అందరి మధ్యా నేల మీద బోర్లించింది. పదకొండు కాయలు.

"ఏందిమ్మా ఇది?" అన్నాడు నాయన.

"మగ్గం పడుకున్న దినాలురా."

నాయన మొహం ఎర్రబడింది. కింద కూర్చుని ఒక్కొక్క కాయనూ పక్కకు జరిపాడు. రెండు అమావాస్యలు, ఆ రోజు ఎవరూ నేయరు. నాలుగు రోజులు వాన, గుంతలో నీళ్లు ఊరాయి. మూడు రోజులు జరీ రాలేదు. ఒక రోజు జ్వరం. ఒక రోజు తాడిమర్రిలో చావు. ఒక్క కాయ కూడా మిగల్లేదు.

"అన్నిటికీ కారణం ఉండాది కదమ్మా. నేనేమన్నా ఊరికే కూచున్యానా?"

"కారణం నేను యాడ అడిగినా? మగ్గం పడుకున్న దినం కడుపులు గూడా పడుకున్యాయా? అదొకటి చెప్పు."

గుమాస్తా పకపకా నవ్వాడు. "చెనిక్కాయలు లెక్కబెట్టి సంసారం చేస్తారా అవ్వా?"

"నలభై ఏండ్లు సేద్యం చేసినాను నాయనా. వాన పడే దినాలు లెక్కబెట్టుకుని తిన్యోడు మా ఊర్లో ఎవడూ బాగుపడల్యా. పడని దినాలకు ముందే తీసిపెట్టుకున్యోడే నిలబడినాడు."

అవ్వ ఆ మాట అనేసరికి నాకు లోపల ఏదో తటాలున వెలిగింది. ఈ వార్పులో పడింది ఒకటే కాయ. మిగతా పదీ అయిపోయిన రెండు వార్పులవి. వార్పుకు ఐదు. పెద్దవాళ్ల మధ్య మాట్లాడకూడదని తెలిసినా ఆగలేక, "నాయనా, వార్పు పదిహేను దినాలు కాదు, ఇరవై. మన కూలి దినానికి నలభై కాదు, ముప్పై" అన్నాను.

"అంటే దినానికి పది రూపాయలు మనకు రానిదే తింటాండామా" అన్నాడు నాయన. తర్వాత చొక్కా విప్పి మళ్లీ కొక్కేనికి తగిలించాడు. "బండి పంపొద్దప్పా" అన్నాడు గుమాస్తాతో. ఆయన డబ్బు సంచి సర్దుకుంటూ, "ఈ పిల్లను మా సావుకారుకు చూపిస్తే నా పని పోతాది" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ పదిహేను రోజులు సుఖంగా గడిచాయని చెప్పను. అవ్వ తెచ్చిన రాగులు, ఉలవలే తిండి. రెండు పూటలా సంగటి, ఉలవచారు. టౌనుకు వచ్చాక కూడా సంగటేనా అని రోజూ విసుక్కునే నాయన నోరు మెదపలేదు, పొద్దున హోటలుకు పోవడమూ మానేశాడు. అమ్మ పక్కిళ్ల మగ్గాలకు కండెలకు పట్టుపోగు చుట్టి ఉప్పుకూ నూనెకూ సరిపడా తెచ్చింది. నాకు దక్కాల్సిన పదకొండు కాయలను అవ్వ ఆ సాయంత్రమే వేయించి ఊరుబిండి పచ్చడి నూరేసింది. ఒకటి మూడు గింజల కాయ, మొత్తం ఇరవై మూడు గింజలు. ఆ బాకీ నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

వార్పు దిగింది. ఆరువందలూ పూర్తిగా ఇంటికి వచ్చాయి. నాయన ముందు నూట యాభై లెక్కబెట్టి అవ్వ చేతిలో పెట్టి, మిగిలిన నాలుగువందల యాభైని అమ్మకిచ్చాడు. పదిహేను రోజులకు రోజుకు ముప్పై. మగ్గం పడుకున్న రోజున మాత్రం అవ్వ నన్ను సాక్ష్యం అడిగి, కొంగు ముడి విప్పి, ముప్పై తీసి ఇచ్చేది. ఎండాకాలంలో మగ్గం పెద్దగా ఆగదు కాబట్టి ఆ ముడిలో డబ్బు నిలిచింది. మరుసటి ఏడు జరీ మూడు వారాలు రాకపోయినా మేం ఎవరి పుస్తకంలోనూ పేరు రాయించుకోలేదు. నాయన మోకాళ్లు మొరాయించేదాకా ఆ మగ్గం మీద తనకు ఇష్టమైన సావుకారుకే నేశాడు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. పెళ్లయి హిందూపురం వచ్చాక వడ్డీ లెక్కలు, చీటీ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు మా వీధిలో ఎవరికి లెక్క తెగకపోయినా నా దగ్గరికే వస్తారు. లెక్క తప్పేది చాలాసార్లు కూడికల్లో కాదు, దేన్ని దేనితో భాగించాలో అక్కడ. మా నాయన సోమరి కాదు, దుబారా మనిషీ కాదు. పదిహేనుతో భాగించాడు, అంతే. సంపాదన ఎంత అని అడిగే ముందు, అది రాని రోజులు ఎన్ని అని అడగడం నాకు ఆ రోజు నుంచి అలవాటయింది. ఆ అలవాటు వల్లే నా ఇల్లు ఇంతవరకూ జీతం రాకముందే జీతాన్ని తినలేదు.

మొన్న ఎదురింటి కుర్రాడు సెల్లు పట్టుకుని వచ్చాడు. పెనుకొండ వైపు ఒక ఫ్యాక్టరీలో పని. ఓవర్‌టైం కలుపుకుని ఖర్చు పెడతాడు, ఓవర్‌టైం లేని నెల ఇరవయ్యో తేదీకే జేబు ఖాళీ. "అత్తా, ఈ సెల్లులోనే ఐదువేలు లోన్ ఇస్తారంట. చేతికి నాలుగువేల రెండొందలు వస్తాది, వారంలో ఐదువేలు కట్టల్ల. బటన్ నొక్కేదే ఉండాది. లెక్క సరేనా చూడు" అన్నాడు.

"లెక్క తర్వాత చూస్తాలే అబ్బా. పోయిన మూడు నెలల్లో నీకు ఓవర్‌టైం లేని దినాలు ఎన్నో చెప్పు" అన్నాను.

వాడు తలెత్తి సూరు వైపు చూస్తూ, ఖాళీగా ఉన్న ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడవసాగాడు. ఐదు వేళ్లూ అయిపోయాయి. రెండో చెయ్యి కావలసి వచ్చి, సెల్లు జేబులో పెట్టాడు.