రేవు ఊరి ముప్పై ఆరు ఫోటోలు

1986 వేసవి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక సందులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో కుర్చీ, తెర, రెండు లైట్లు. వెనక గది డార్క్‌రూమ్, అంటే వెలుతురు చొరబడకుండా మూసి ఫిల్ము కడిగే గది. నా భార్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. ముందు గది కంటే వెనక గదిలోనే ఎక్కువసేపు ఉండేవాణ్ణి. పని లేనప్పుడు ఏదో ఒక పుస్తకం చదువుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో ఎల్బీ నగర్ చౌరస్తా దాటితే ఎటు చూసినా కొత్త కాలనీలే. ముహూర్తం ఉన్న రోజున నాలుగైదు గృహప్రవేశాలు. అన్నిటికీ నేను వెళ్ళలేను కాబట్టి, సొంత కెమెరా ఉన్నవాళ్ళు నా దగ్గర ఫిల్ము కొనుక్కుని, తీసి, కడగడానికి తెచ్చిచ్చేవారు. నేను అమ్మింది కంపెనీ డబ్బాలో వచ్చే రోల్ కాదు. కోఠీలో వంద అడుగుల ఫిల్ము ఒకే చుట్టగా దొరికేది. చీకట్లో దాన్ని ముక్కలుగా కత్తిరించి పాత కాసెట్లలోకి, అంటే ఖాళీ అయిన రోల్ డబ్బీల్లోకి, చుట్టేవాణ్ణి. దీన్ని బల్క్ లోడింగ్ అంటారు. చిన్న స్టూడియోల వాళ్ళం అందరం చేసిన పనే. ప్రతి కాసెట్ మీద స్టూడియో పేరుతో ఒక చీటీ అంటించేవాణ్ణి.

ఆ చీటీ చూసుకునే వరలక్ష్మి గారు వచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కాకినాడ వైపు మనిషి, వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుంటున్నారు. వెంట ఆమె బావగారు సత్యనారాయణ గారు, ఏదో ఆఫీసులో గుమస్తా. ఆవిడ చేతిసంచిలోంచి కాసెట్ తీసి బల్ల మీద పెట్టి, ఇది మీదే కదండీ అన్నారు. నాదే. ముందు ఏడాది ఆవిడ భర్త సూర్యం ప్రయాణానికి ముందు నా దగ్గర ఆరు రోల్స్ కొన్నాడు. ఓడలో ఎలక్ట్రీషియన్‌నని చెప్పినట్టు గుర్తొచ్చింది.

సత్యనారాయణ గారు సంగతి చెప్పారు. సూర్యం చేరింది ఎక్స్‌పెడిషన్ క్రూయిజ్ ఓడలో. మామూలు ప్రయాణికుల ఓడ కాదది. భూమి కొసల్లో, మంచుగడ్డల మధ్య ఉండే రేవులు చూడాలనుకునే ధనవంతులను వంద మందిలోపు ఎక్కించుకుని తిప్పే చిన్న ఓడ. దక్షిణ అమెరికా అడుగున ఒక రేవు ఊళ్ళో ఆగినప్పుడు, పని వాళ్ళకు కూడా ఒక పూట ఊరు చూడ్డానికి సెలవిచ్చారు. అక్కడ తిరుగుతుండగానే గుండె నొప్పి వచ్చింది. ఆ ఊరి ఆసుపత్రిలోనే పోయాడు. గాలివానకు ఓడ రెండు రోజులు ఆగిపోయింది. అక్కడే పాతిపెట్టారు. ఇదీ కంపెనీ ఉత్తరం. ఆ తర్వాత మూడు నెలలకు పెట్టె వచ్చింది. బట్టలు, కెమెరా, కెమెరాలో ఈ రోల్.

దహనం జరగలేదు కాబట్టి దర్భలతో ప్రతిమ చేసి, దానికి దహనం చేసి, కర్మ జరిపించాలని పురోహితుడు చెప్పాడట. వచ్చే బహుళ ఏకాదశికి నిశ్చయించుకున్నారు. దానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఈలోగా ఆ ఊరు ఎలా ఉంటుందో ఒకసారి చూడాలని ఆవిడ కోరిక.

ఆ సాయంత్రమే కడిగాను. ఆరిన ఫిల్మును ఆరారు ఫోటోల ముక్కలుగా కత్తిరించి, వరసగా పేర్చి కాంటాక్ట్ షీట్ తీశాను. అంటే నెగెటివ్ ముక్కలన్నీ ఒకే కాగితం మీద పరిచి, బొటనవేలంత ఫోటోలుగా అచ్చు వేయడం. ఫిల్ము అంచున ఫ్యాక్టరీలోనే చిన్న అంకెలు పడి ఉంటాయి. నేను తీసిన ఫోటోలైతే వరస నాకు గుర్తుంటుంది, అంకెలు చూడను. వేరేవాళ్ళు తీసినవైతే అంకెల ప్రకారం పేరుస్తాను.

భూతద్దం పెట్టి చూశాను. మొదటి అయిదు ఫోటోలు శ్మశానానివి. చెట్టు లేని దిబ్బ, రాళ్ళు పేర్చిన గుంట, వీపులు తిప్పి తలలు వంచుకుని నిలబడ్డ ఆరుగురు మనుషులు. ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి, వెలుగు కూడా సరిగ్గా పడలేదు. రోల్ మొదట్లో చెయ్యి కుదురుకోలేదు కాబోలు అనుకున్నాను. తర్వాత ఊరు. రేకుల ఇళ్ళు, బురద వీధి, చిన్న చర్చి, గుమ్మంలో పడుకున్న కుక్కలు, కిటికీలోంచి ఈ కొత్త మనుషులను చూస్తున్న ఒక ముసలమ్మ. ఆ తర్వాత చెక్కల వంతెన మీద సూర్యం నిలబడి ఉన్నాడు. ఉన్ని టోపీ, నవ్వు. ఎవరో తోటివాడు తీసి ఉండాలి. తర్వాత రబ్బరు పడవల్లో లావుపాటి కోట్ల యాత్రికులు, మంచుగడ్డలు, ఓడ ఇంజను గది. చివరి ఫోటోలో ఓడ వెనక దూరమైపోతున్న గట్టు.

అంకెలు మళ్ళీ ఒకసారి చూశాను. పాతిపెట్టడం ముందు. సూర్యం నవ్వు తర్వాత. ఓడ గట్టు వదలడం చివర.

మర్నాడు షీట్ చూపిస్తే, నేనేమీ చెప్పకముందే వరలక్ష్మి గారు వేలితో ఒక్కొక్క ఫోటో దాటుకుంటూ వచ్చి వంతెన దగ్గర ఆగారు. ఎవర్నో పాతిపెడుతుంటే ఈయన ఫోటో తీశారన్నారు. కంపెనీ వాళ్ళు ఒకరి కబురు ఇంకొకరికి పంపారన్నారు. ఆ దారిలో ఉత్తరాలు రావడానికి మూడు నెలలు పడుతుందని ఆయనే రాశారన్నారు. సత్యనారాయణ గారు మాత్రం, బతికున్నవాడి పెట్టె ఎందుకు పంపుతారమ్మా అని మెల్లగా అడిగారు. ఆవిడ ఆ మాట వినిపించుకోలేదు. నావైపు తిరిగారు.

"ఈ అంకెలు తప్పు పడతాయాండీ?"

"అవి ఫ్యాక్టరీలనే పడ్తయమ్మా. తప్పవు."

"అయితే ఇది దాని తర్వాతదే."

"దాని తర్వాతదే."

అంకెల గురించి నేను చెప్పింది నిజమే. నన్నడిగింది మాత్రం అంకెల గురించి కాదు. అది నాకు ఆ రోజే తెలుసు. అయినా చెప్పాను. నిజం చెప్పాలంటే, ఒక మనిషి అలా వెనక్కి వస్తే బాగుండునని నాకూ అనిపించింది.

కర్మ ఆగిపోయింది. ఆవిడ బొట్టూ గాజులూ తీయనే లేదు, ఇక ఆ ప్రసక్తే లేదన్నారు. సత్యనారాయణ గారు కంపెనీకి రెండు ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. ఒకరోజు ఒక్కరే నా దగ్గరకొచ్చి కుర్చీలో కూర్చున్నారు. తమ్ముడు బతికున్నాడనుకోమంటారా, లేడనుకోమంటారా, ఇంట్లో విస్తరి వేసిన ప్రతిసారీ నాకు తెలియడం లేదండీ అన్నారు. లైబ్రరీకి వెళ్ళి పెద్ద అట్లాసులో ఆ రేవు వెతికాను. సముద్రానికీ నేలకూ మధ్య ఒక చుక్క కనబడింది. అంతకంటే ఏమీ తెలియలేదు. రాత్రి ఒకటి అనుకునేవాణ్ణి, పొద్దున ఇంకొకటి. ఆ అయిదు ఫోటోలు అంత చెడ్డగా ఎందుకున్నాయన్నది మాత్రం ఎటు తిప్పినా కుదిరేది కాదు. మిగతావన్నీ నిలకడైన చేతి పని.

ఇలా నెలన్నర గడిచింది. నా స్టూడియో ఉన్న మల్గీకి, అంటే అద్దె కొట్టుకు, ఓనరు మల్లయ్య. గడ్డిఅన్నారం పాత కాపువాడు, పొలాలు ప్లాట్లయ్యాక బిడ్డకు ఎల్బీ నగర్ దగ్గర ఇల్లు కట్టించాడు. గృహప్రవేశం ఫోటోలు అల్లుడు తీశాడు, ఫిల్ము నాది. ఆల్బమ్‌లో అంటించి ఇచ్చిన మర్నాడే మల్లయ్య దాన్ని చంకలో పెట్టుకొచ్చి నా ముందు తెరిచాడు.

"ఏంది సారు గిది? బువ్వలు తిని చేతులు కడుక్కున్నంక పాలు పొంగిచ్చినమా మేము?"

నేను చూశాను. మొదటి పేజీలో బంతి భోజనాలు. మధ్యలో సత్యనారాయణ వ్రతం. చివర్లో పాలు పొంగడం. ఆఖరి పేజీలో ఆవు గడప దాటుతోంది.

"నంబర్ల ప్రకారమే పెట్టిన మల్లయ్యా."

"నంబర్లు సల్లగుండ. ఆవు ఎనకకు నడిచినట్టున్నది. అయ్యగారు సూస్తే మల్ల దావత్ పెట్టుమంటడు."

అతను నవ్వుతున్నాడు. నేను నవ్వలేకపోయాను. నా మొహం చూసి, గంత పరేషాన్ ఎందుకు సారు, జర తిప్పి అంటిస్తే అయిపాయె అన్నాడు.

అతను వెళ్ళాక షాపు షట్టరు సగం దించి లోపలికి పోయాను. ఆ ఫిల్ము కోఠీ డీలరు దగ్గర చవగ్గా వచ్చిన రెండు డబ్బాల్లో రెండోది. రెండూ ఎవరో విప్పి మళ్ళీ చుట్టిన చుట్టలే. అలా తిరగచుట్టిన ఫిల్మును కాసెట్‌లోకి ఎక్కిస్తే అంకెలు చివర నుంచి మొదటికి నడుస్తాయి. మొదటి డబ్బా ముందు ఏడాదే అయిపోయింది. అందులోదే కొంత సూర్యం కొనుక్కున్నాడు. ఆ డబ్బాలో మిగిలినదంతా నేనే వాడాను, ఆ ఫోటోలన్నీ గుర్తును బట్టి పేర్చినవే కాబట్టి, ఈ సంగతి నాకు పట్టుబడలేదు.

అయినా ఊహ చాలదు. సూర్యం నెగెటివ్‌లు నా దగ్గరే ఉన్నాయి. కెమెరాలో ఫిల్ము పెట్టేటప్పుడు మొదటి రెండంగుళాలకు వెలుతురు తగిలి, కాలినట్టు నల్ల మచ్చ పడుతుంది. ఏ రోల్‌లోనైనా ఆ మచ్చ ఉన్న కొస మొదలు. లైటు ముందు పట్టుకుని చూశాను. మచ్చ పెద్ద అంకెల కొసన ఉంది, గట్టు వదిలిన ఓడ పక్కన. శ్మశానం వైపు కొసన నా కత్తెర గాటు, కాసెట్ ఇరుసుకు అంటించిన టేపు జిగురు. అది ఆఖరు. ఆ అయిదు ఫోటోలు సూర్యం తీసినవి కావు. అతని కెమెరాతో ఎవరో తోటివాడు, ఇంటివాళ్ళ కోసం, అలవాటు లేని చేతులతో తీశాడు.

మధ్యాహ్నం బస్సెక్కి వనస్థలిపురం వెళ్ళాను. దారి పొడుగునా ఒక మాట కూడబలుక్కుని, అది చెరిపేసి ఇంకొకటి కూడబలుక్కున్నాను. కంపెనీయే చెప్పనీలే, నేనెందుకు అని కూడా అనుకున్నాను. కాని ఆ మాట నా షాపులోంచి వెళ్ళింది.

వాళ్ళ ఇంటికి ఇంకా సున్నం పడలేదు. ముందు గది గోడలో ఒక పెద్ద ఖాళీకి రేకు ముక్క అడ్డం పెట్టి ఉంది. సత్యనారాయణ గారు కుర్చీ వేశారు. కూర్చోకుండానే చెప్పాను. తప్పు నాదని ముందు చెప్పి, తర్వాత కారణం చెప్పాను. నెగెటివ్ ముక్కలు వెలుతురుకు పట్టి మచ్చ చూపించాను. సత్యనారాయణ గారు కళ్ళజోడు తీసి పక్కకు తిరిగి నిలబడ్డారు. ఆవిడ నెగెటివ్ నా చేతిలోంచి తీసుకుని తనే వెలుతురుకు పట్టుకున్నారు.

"ఇంకోసారి చెప్పండి."

ఇంకోసారి చెప్పాను.

"ఆ రోజు మీరు తప్పవన్నారు."

"అవు తల్లీ, అట్లనే అన్న."

నాలుగు మాటలు తిడితే బాగుండునని నేను నిలబడ్డాను. ఆవిడ నెగెటివ్‌ను కిందికి దించి, మామూలు గొంతుతోనే అడిగారు.

"అయితే ఆయన చేత్తో తీసినవాటిలో ఆఖరిది ఏదండీ?"

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. షీట్ తీసి కుడి నుంచి ఎడమకు వేలు జరుపుకుంటూ వచ్చాను. వంతెన, ముసలమ్మ, కుక్కలు, చర్చి, వీధి. శ్మశానానికి ముందు మిగిలింది ఒక ఇల్లు. కొత్తగా కడుతున్నది, చెక్కల చట్రం, ఇంకా కప్పు పడలేదు. మనుషులెవరూ లేరు. గోడలోని కిటికీ చోటును దగ్గర నుంచి తీశాడు. తీసినవాడు ఎందుకు తీశాడో తెలియని ఫోటో అనుకుని నేను దాని మీద ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆవిడ భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూశారు.

"ముందు గదికి కిటికీ తూర్పున పెడదామని ఆయన, ఎండ కొడుతుందని నేను. తేల్చుకోకుండానే వెళ్ళారు. ఎలా పెట్టాలో చూసి రాస్తానన్నారు." తర్వాత బావగారి వైపు తిరిగారు. "వచ్చే ఏకాదశి ఎప్పుడో పంతులుగారిని అడగండి."

ఆ ఏకాదశికి కర్మ జరిగింది. ఆ కిటికీ ఫోటోను పెద్దదిగా చేసి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. మేస్త్రీకి చూపించడానికి ఇంకో కాపీ కావాలని అడిగారు. అదీ ఇచ్చాను.

తర్వాత ఇరవై ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. బల్క్ లోడింగ్ మానలేదు, కాని కడిగిన ఫిల్మును కత్తిరించే ముందు మచ్చ ఉన్న కొస ఎటుందో చూసి గుర్తు పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు ఎవరికైనా ఒక రోజులో వస్తుంది. రెండోది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఎదుటి మనిషికి ఏ జవాబు కావాలో నాకు తెలిసిపోయినప్పుడు, నాకూ అదే కావాలని అనిపించినప్పుడు, వెంటనే జవాబు చెప్పకుండా రేపు రమ్మనేవాణ్ణి. ఆ రాత్రి నెగెటివ్‌ను మళ్ళీ మొదటి నుంచి చూసేవాణ్ణి.