డైరీకెక్కని పేరు

ఈ ఉదయం బెంగళూరు మడివాళ మార్కెట్లో పూలకని ఆగితే, పూలామె బండికి ఎండకు అడ్డంగా కట్టిన పాత ఎన్నికల ఫ్లెక్సీ మీద మా బాబాయి చేతులు జోడించి నవ్వుతున్నాడు. ముఖం వెలిసిపోయింది గానీ నవ్వు పోలేదు.

బాబాయి ఉద్యోగమంతా విదేశాల్లో, మన రాయబార కార్యాలయాల్లోనే గడిచింది. సెలవుల్లో వస్తే చాక్లెట్లు, సెంటు సీసాలు, బోలెడన్ని గొప్పలు తెచ్చేవాడు. చాక్లెట్లు రెండు రోజుల్లో అయిపోయేవి, గొప్పలు మళ్లీ సెలవుల దాకా సరిపోయేవి. ఒక్క అలవాటుకు మాత్రం దణ్ణం పెట్టాలి. ఎవరు కష్టం చెప్పుకున్నా జేబులోంచి చిన్న డైరీ తీసి, పేరూ ఊరూ రాసుకుని, తిరిగి చదివి వినిపించేవాడు. పని పూర్తయితేనే ఆ పేరు కొట్టేసేవాడు. గల్ఫ్‌లో తాపీ పనికెళ్లి చనిపోయిన ఈ పూలామె భర్త శవం పన్నెండు రోజుల్లో బెంగళూరు చేరిందంటే అది ఆ డైరీ చలవే.

రిటైరయ్యాక పార్టీలో చేరాడు. డైరీ పోయి, వెనకాల పీఏ వచ్చాడు. ప్రచారానికి ఇక్కడికొచ్చి ఆమెను స్టేజీ ఎక్కించి, భర్త శవం సంగతి చెప్పించి, ఏడిపించి, ఫోటోలు తీయించుకున్నాడు. అప్పటికే ఆమె కూతురు అదే గల్ఫ్‌లో ఇంటిపనికెళ్లి ఇరుక్కుపోయింది. పాస్‌పోర్టు యజమాని లాక్కున్నాడు. అర్జీ నేనే రాసి, పిల్ల ఫోటో అంటించి ఇచ్చాను. "మా పాప ఆడనే ఉండాది సారూ, స్వల్ప చూడండప్పా," అంటూ ఆమె రెండు చేతులా అందించింది. బాబాయి చదవకుండానే పీఏకిచ్చాడు.

మీటింగయ్యాక కారు దగ్గరికి వెళితే బాబాయీ, పీఏ బజ్జీలు తింటున్నారు. బాబాయి చేతికందిన కాగితంతో వేళ్ల నూనె తుడుచుకుని, ఉండ చుట్టి పడేశాడు. విప్పి చూశాను. ఆ అర్జీయే. పిల్ల ముఖం నిండా నూనె.

"పేరైనా రాసుకోలేదే బాబాయ్?"

"ఒరే, ఇలాంటివి రోజుకు వందొస్తాయి. ముందు గెలవనీ."

ఛీ అనిపించింది. పైకి అనలేకపోయాను, అందుకు నా మీదా అసహ్యమే.

గెలిచాడు. రెండేళ్లయింది. ఇవాళ పూలు మూరేస్తూ ఆమె ఎప్పట్లాగే, "సారు ఏమన్నాడప్పా?" అంది. ఇక దాచలేక అంతా చెప్పేశాను. కొత్త అర్జీ రాస్తానన్నాను.

"రాయప్పా. ఈసారి ఆయనకొద్దు," అంది. స్టూలెక్కి తాళ్లు విప్పి, ఫ్లెక్సీని తిరగేసి, తెల్లటి వైపు పైకి వచ్చేలా కట్టింది.

చచ్చిపోయినవాణ్ణి పన్నెండు రోజుల్లో ఇంటికి చేర్చిన మనిషికి, బతికున్న పిల్ల పేరు రాసుకోవడానికి రెండేళ్లు చాలలేదు.